కరువు మడికి ట్యాంకర్ నీళ్ళు

ఊళ్ళోవాళ్ళకు కరువు ఊరికే వస్తుంది. మాకు అలా కాదు. విశ్వవిద్యాలయంలో కరువు కావాలంటే ముందు ప్రతిపాదన రాయాలి, అది మంజూరు కావాలి, ఆపైన భాగస్వామి దొరకాలి. ఇవన్నీ కుదిరే వేళకు వానలు పడి పరువు తీస్తాయి. నీళ్ళు లేకపోతే వేరుశనగ మొక్క ఎలా బాధపడుతుందో కొలిచి రాయడం నా ఉద్యోగం. ఇది ఉద్యోగమంటే మా ఆవిడ ఒప్పుకోదు. కుండీల్లో మొక్కలకు నీళ్ళు పోయడం నేను మరిచిపోయిన ప్రతిసారీ, దీనికి కూడా జీతమిస్తారా అని అడుగుతుంది.

ఈ ఏడు మాత్రం అన్నీ కలిసొచ్చాయి. విత్తనానికి సరిపడా వాన పడింది, ఆ తర్వాత మబ్బన్నది మళ్ళీ మొహం చూపించలేదు. ఈలోగా భాగస్వామి కూడా దొరికాడు. పచ్చకోట బయో అని, మొక్కలకు టానిక్కులు చేసే కంపెనీ. వాళ్ళ కొత్త టానిక్కు పేరు ‘ఊరట గోల్డ్’. నీళ్ళు లేక, పోషకాలు లేక అల్లాడే మొక్క మీద దీన్ని చల్లితే ఆ మొక్క తన కష్టం మరిచిపోతుందట. మరిచిపోయినట్టు మేం శాస్త్రీయంగా నిరూపించాలి. అందుకని రెండు చోట్ల వేరుశనగ వేశాం. ఒకటి కరువు మడి, దానికి నీళ్ళుండవు. రెండోది లోపం మడి, అక్కడి సున్నపు నేలలో మొక్కకు ఇనుము అందదు. రెండింట్లోనూ సగానికి ఊరట కొడతాం, సగానికి కొట్టం, తేడా చూస్తాం. ఇంతకన్నా సులువైన పని భూప్రపంచంలో లేదనుకున్నాను.

ఒప్పందం రోజు శాలువాలు, పూలగుచ్ఛాలు, జీడిపప్పు పకోడీలు అన్నీ అయ్యాయి. ఒప్పందం చదవడం ఒక్కటే కాలేదు. మా పరిశోధనా సంచాలకులు డాక్టర్ మార్తాండరావుగారు తన హోదా సరిగ్గా పడిందో లేదో చూసుకుని సంతకం పెట్టారు. నేను నిధుల పేజీ చూసుకుని పెట్టాను. కంపెనీ వకీలు కూడా చదవలేదని తర్వాత తెలిసింది. అంతకుముందు వాళ్ళు ఏదో కల్యాణ మండపానికి పచ్చిక వేసిచ్చినప్పుడు రాసుకున్న ఒప్పందంలో పేర్లు మార్చి మాకిచ్చారు. అందులో ఒక షరతు అలాగే ఉండిపోయింది. ‘ఉమ్మడి చిహ్నం గల బోర్డు పరిసరాల్లో వాడిపోయిన, కళ తప్పిన, చూపరులకు దిగులు పుట్టించే మొక్క ఏదీ ఉండరాదు.’ పెళ్ళిమండపానికి ఎంత న్యాయమైన షరతో చూడండి.

బోర్డులు మాత్రం ఘనంగా చేయించారు. హైవే మీద పోయే బస్సులోంచి కూడా చదవగలిగేంత పెద్ద అక్షరాలుండాలని మార్తాండరావుగారి ఆజ్ఞ. ఒక పక్క మా విశ్వవిద్యాలయం ముద్ర, ఇంకో పక్క పచ్చకోట వాళ్ళ ఆకు, మధ్యలో ‘కరువు ఒత్తిడి పరిశోధన’ అని.

మా కంచెకు అవతల సుంకులమ్మ చేను. మూడెకరాలు, అదీ వేరుశనగే, మాతోపాటే విత్తింది. ఆమె మొగుడు పోయాక ఆ చేను తప్ప వేరే ఆధారం లేదు. ఇంట్లో తిండీ, వచ్చే ఏటి విత్తనం, రెండు ఎనుములకు మేతా, సమస్తం అందులోంచే రావాలి. ఆమె బోరు వేసవిలోనే గుర్రుమని గాలి కక్కి ఆగిపోయింది. ఇప్పుడు పైరు పూత మీదుంది. పూత రాలాక ఊడలు నేలలోకి దిగాలి, దిగితేనే కాయ. నేల బండబారితే ఊడ దిగదు, గాల్లో వేలాడి ఎండిపోతుంది, ఇక ఆ చేను పశువుల పాలే. ఒక్క తడి పడితే చాలు, గట్టెక్కుతుంది. మా బోరేమో కంచె పక్కనే ఉంది, నిక్షేపంగా నీళ్ళున్నాయి. మాది కరువు పరిశోధన కాబట్టి వాడే పని లేదు.

ఒక తడి ఇప్పించమని సుంకులమ్మ నన్నడిగింది. నేను మార్తాండరావుగారిని అడిగాను. ఆయన ఇంట్లో పెళ్ళాంతో కూడా సర్క్యులర్ భాషలోనే మాట్లాడతారని ప్రతీతి. కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, “విశ్వవిద్యాలయ జలవనరులు పరిశోధనార్థం మాత్రమే ఉద్దేశించబడినవి. ఇతరుల దాహార్తికి మళ్ళించుట పరిశోధన పవిత్రతకు భంగకరం,” అన్నారు. ఆ పరిశోధనకు నీళ్ళు అక్కర్లేదు కదండీ అన్నాను. అక్కర్లేని నీటిని భద్రపరచడం మరింత బాధ్యతతో కూడిన పని అన్నారు. నేను బయటికి వచ్చేశాను.

తర్వాతి వారం కంపెనీ నుంచి భాగస్వామ్య విభాగం అధిపతి మృణాళినిగారు హైదరాబాదు నుంచి వచ్చారు. నేను మహా ఉత్సాహంగా కరువు మడి దగ్గరకు తీసుకెళ్ళాను. ఎందుకంటే అప్పటికి నా మొక్కలు అద్భుతంగా వాడిపోయాయి. ఆకులు మూడంకె వేసుకున్నాయి, కొన్ని అంచుల్లో మాడాయి కూడా. పాఠ్యపుస్తకంలో బొమ్మ వేసుకోవచ్చు. ఆమె బోర్డు వైపు చూసింది, మొక్కల వైపు చూసింది, మళ్ళీ బోర్డు వైపు చూసింది.

ఇవెందుకిలా ఉన్నాయని అడిగింది. నీళ్ళివ్వలేదండీ అన్నాను. ఎందుకివ్వలేదంది. ఇస్తే వాడవు కదండీ అన్నాను. ఆమె ముఖం చూస్తే నేనేదో చంటిపిల్లకు పాలు మాన్పించానని ఒప్పుకున్నట్టుంది. “మా ఆకు పక్కన చచ్చిపోతున్న మొక్కలు పెడతారా మీరు?” అంటూ ఫొటో తీసి అప్పటికప్పుడు హైదరాబాదు పంపింది. సాయంత్రానికి ఒప్పందంలోని ఆ షరతు ఎర్రగీతతో మా సంచాలకుల బల్ల మీదికి వచ్చింది.

అత్యవసర సమావేశం పెట్టారు. కరువు ప్రయోగమంటేనే ఎండబెట్టడమని, ఎండబెడితే వాడక తప్పదని నేను వివరించబోయాను. మార్తాండరావుగారు చెయ్యెత్తి ఆపారు.

“డాక్టర్‌గారూ, ఎండబెట్టుట అనునది ప్రక్రియ. ఎండిపోవుట అనునది పర్యవసానం. ప్రక్రియకు మాకు ఎట్టి అభ్యంతరమూ లేదు. పర్యవసానం కనిపించరాదు.”

సమావేశంలో అందరూ తలలూపారు. అక్కడ నాతో కలిపి వ్యవసాయంలో పట్టాలున్నవాళ్ళమే అందరం. అది తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది, నా తల కూడా ఊగింది కాబట్టి మరీ.

మర్నాటి నుంచి కరువు మడికి నీళ్ళు పెట్టడం మొదలైంది. ఇక్కడ ఒక చిక్కు. కరువు మడిలో నీటి పైపులు వేయకూడదని మా ప్రతిపాదనలోనే రాసుకున్నాం. అది దాటితే ఆడిట్‌వాళ్ళు ఊరుకోరు. కాబట్టి పక్కనే బోరు పెట్టుకుని ట్యాంకర్ మాట్లాడాం. ట్యాంకర్ బోరు దగ్గర నీళ్ళు నింపుకుని, మా క్షేత్రం చుట్టూ సుంకులమ్మ చేని గట్టు వెంబడి తిరిగి, కరువు మడికి వచ్చి నీళ్ళు గుమ్మరించి పోతుంది. దారి పొడుగునా కారుతూ పోతుంది. ఆ కారిన చోట సుంకులమ్మ గట్టు మీద గడ్డి మొలిచింది.

మూడో ట్యాంకరుకో నాలుగో ట్యాంకరుకో ఆమె నన్ను ఆపింది. కొంగు నెత్తిమీద వేసుకుని గట్టు మీద కూచుని ఉంది.

“ఏం సారూ, ఆ నీళ్ళు యాడికి పోతాండాయి?”

“కరువు మడికమ్మా.”

“కరువు మడికి నీళ్ళేంది సారూ?”

“ఎండిపోయినట్టు కనపడకూడదంటున్నారు.”

ఆమె ట్యాంకరు పోయిన దిక్కు చూసింది. “నా చేను గూడా ఎండినట్టు కనపడ్తాంది గదా. మీకు సూసేకి బాగుందా?”

నిబంధనలు అనుమతించవమ్మా అన్నాను. నా నోటికి మార్తాండరావుగారి భాష అంటుకుందని అప్పుడే గమనించాను. సిగ్గేసింది.

లోపం మడి సంగతి కూడా చెప్పుకోవాలి. ఇనుము లోపిస్తే లేత ఆకులు పసుపుపచ్చగా పాలిపోతాయి. కంపెనీవాళ్ళ ఆకు ముదురుపచ్చ. రెండూ ఒకచోట చూడలేకపోయారు. కాబట్టి పొద్దున్నే అన్నభేది నీళ్ళు కొట్టించమన్నారు. అన్నభేది అంటే ఇనుమే. ఇనుము లేని ప్రయోగానికి ఇనుము పోసి, ‘ఇనుము లోప పరిశోధన’ అన్న బోర్డు పక్కన మొక్కలు నవనవలాడేట్టు చేశాం. వారం తిరక్కుండా మా రెండు మళ్ళూ జిల్లాలోకెల్లా పచ్చని పొలాలయ్యాయి. బడిపిల్లలను బస్సుల్లో తెచ్చి, కరువంటే ఇలా ఉంటుందని చూపించారు. పిల్లలు ఎంతో సంతోషించారు.

సమీక్షా సమావేశంలో నేను ఫలితాలు చెప్పాను. ఊరట కొట్టిన మొక్కలూ, కొట్టని మొక్కలూ ఒకేలా ఉన్నాయి, ఏ తేడా లేదు అన్నాను. మార్తాండరావుగారు చిరునవ్వు నవ్వారు. ఒత్తిడి కనబడటం లేదంటే ఒత్తిడిని జయించినట్టేనన్నారు. కొట్టని వాటిలో కూడా కనబడటం లేదు కదండీ అంటే, అది పొరుగు ప్రభావమన్నారు. పక్క మడిలో కొట్టినా ఇటు పనిచేసిందంటే ఊరట ఎంత ఉదారమైన మందో ఆలోచించమన్నారు. మృణాళినిగారు ‘ఉదారమైన మందు’ అన్నమాట రాసుకుంది.

అయితే ఆమెకు కొత్త బెంగ పట్టుకుంది. ప్రకటనకు రెండు ఫొటోలు కావాలి, ఊరటకు ముందు, ఊరట తర్వాత. ‘తర్వాత’ ఫొటోలు కుప్పలున్నాయి. ‘ముందు’ ఫొటో ఒక్కటీ లేదు. వాడిపోయిన మొక్క కోసం క్షేత్రమంతా గాలించాం. ఒక్కటంటే ఒక్కటి దొరకలేదు. కరువు పరిశోధన కేంద్రంలో కరువుకు కరువొచ్చింది. చివరికి మృణాళినిగారి చూపు కంచె అవతల పడింది. నేను దేనికి భయపడ్డానో అదే అయింది.

సుంకులమ్మ చేను అప్పటికి మంచం పట్టిన మనిషిలా ఉంది. పూత రాలుతోంది, ఊడలు వేలాడుతున్నాయి. నేలను మడమతో తన్నితే మడమే నొప్పి పుట్టేంత గట్టిగా ఉంది. “ఎంత బాగుంది!” అంది మృణాళినిగారు. పాపం ఆమె చెడ్డమనిషి కాదు, వాడిన మొక్కను అంత దగ్గరగా చూడటం అదే మొదలు.

వెళ్ళి అడగమని నన్ను పంపారు. ఫొటో తీసేదాకా నీళ్ళు పెట్టవద్దని ఆమెను కోరాలట, అది కూడా నేనే చెప్పాలట. ఆ మాట చెప్పడానికి నా నాలుక తిరగలేదు. ఫొటో తీసుకుంటామమ్మా, ఊరట సీసా ఒకటి ఉచితంగా ఇస్తారు, టోపీ కూడా ఇస్తారు అని మాత్రం అన్నాను.

“టోపీ నాకెందుకు సారూ,” అంది. “తీసుకోండి. బాగా పడే తట్టు సూసి తీసుకోండి.”

ఫొటోగ్రాఫరు వచ్చాడు. బోర్డు లేకుండా తీస్తే ఎక్కడి చేనో ఎవరికి తెలుస్తుంది, బోర్డు లేని ఫొటో ఆధారం కిందికి రాదు అని మార్తాండరావుగారు పట్టుబట్టారు. గుంత తీసి, సిమెంటు పోసి, హైవేకి కనిపించే అక్షరాల బోర్డును సుంకులమ్మ చేని నడిమధ్యన పాతారు. ఆస్తుల రిజిస్టర్లోకి ఎక్కించారు. ఫొటోలు తీసుకున్నారు. టోపీ పెట్టుకుని నిలబడమంటే ఆమె నిలబడింది. అందరూ టీ తాగి వెళ్ళిపోయారు. ఎవరూ ఆ షరతు గురించి ఆలోచించలేదు, ఒట్టు, నేను కూడా ఆలోచించలేదు.

ఆలోచించినవాడు హైదరాబాదులో ఉన్నాడు. కంపెనీ చిహ్నం ఎక్కడెక్కడ ఎలా కనబడుతోందో చూసే అధికారి ఒకడుంటాడట. అతను కారులో హైవే మీద పోతూ, వాడి వరుగైన మూడెకరాల నడుమ నిటారుగా నిలబడ్డ తమ ఆకును చూశాడు. మర్నాడే నోటీసు వచ్చింది. షరతు ఉల్లంఘన, వెంటనే సరిదిద్దకపోతే నిధులు బంద్.

మార్తాండరావుగారు మళ్ళీ అత్యవసర సమావేశం పెట్టారు. ఆ బోర్డు తక్షణమే పీకించమన్నారు. నేను ఒక్క క్షణం సుంకులమ్మ ముఖం తలుచుకున్నాను. ఊడలు దిగే అదను ఇంకా పోలేదు, కానీ పోతోంది. లేచి నిలబడ్డాను. ఉద్యోగంలో చేరాక మొట్టమొదటిసారి ఆయన భాషలో ఆయనకే చెప్పాను.

“అయ్యా, సదరు బోర్డు స్థిరాస్తిగా నమోదు కాబడినది. స్థిరాస్తిని తొలగించవలెనన్న అది నిరుపయోగమని కమిటీ తీర్మానించవలెను. నిరుపయోగమని తీర్మానించినచో ఇటీవలే ఎందుకు కొంటిరని ఆడిట్ ప్రశ్నించును.”

అందరూ తమ ముందున్న కాగితాలు సర్దుకోవడం మొదలుపెట్టారు. ఆడిట్ అన్న మాట వినబడితే మావాళ్ళు ఎప్పుడూ చేసే పని అది. మార్తాండరావుగారు, మరి మార్గాంతరమేమిటన్నారు. బోర్డును కదల్చలేం కాబట్టి పరిసరాలను బాగుచేయడమే మార్గమన్నాను. పరిసరాలంటే ఎంతవరకు అని ఆయనకు సందేహం వచ్చింది. నేను చాలా వినయంగా, బోర్డు ఎంత దూరం నుంచి చదవగలిగితే అంతవరకు పరిసరాలేనని, ఆ అక్షరాల సైజు తమరే స్వయంగా నిర్ణయించారని మనవి చేశాను.

ఆ మధ్యాహ్నమే కంచె తీగలు ఎత్తిపట్టి స్ప్రింక్లర్ పైపులు అటువైపు లాగారు. ట్యాంకర్ అవసరం పడలేదు. పైపులు వేయకూడదన్న నిబంధన కరువు మడికే గాని, సుంకులమ్మ చేనికి లేదు. ఎండలో నీళ్ళు గిరగిరా తిరుగుతూ పడుతుంటే ఆమె గట్టు మీద నిలబడి చూసింది. పైపు జాయింటు దగ్గర కారుతున్న నీళ్ళతో మొహం కడుక్కుంది, చాలాసేపు కడుక్కుంది. నాకు ఏడుపొచ్చినంత పనయింది. ఇన్నేళ్ళ ఉద్యోగంలో నావల్ల ఒక మొక్క బతకడం అదే మొదటిసారి.

ఊడలు దిగాయి. పది రోజులకొక తడి చొప్పున, ఎప్పుడు హైదరాబాదు కారు వస్తుందోనన్న భయంతో మావాళ్ళు ఏనాడూ నీళ్ళు తప్పించలేదు. ప్రకటన కూడా వచ్చింది. ఎడమవైపు సుంకులమ్మ వాడిన చేను, కుడివైపు అదే చేను పచ్చగా. ఊరట గోల్డ్, ఉదారమైన మందు అని. మా ప్రాజెక్టు మొత్తంలో నిజమైన ఫొటోలు అవి రెండే.

వాళ్ళిచ్చిన ఊరట సీసా తెచ్చి చూపించమని సుంకులమ్మను అడిగితే చూపించింది. మూత కూడా తీయలేదు, గూట్లో అలాగే పెట్టుకుంది. ఈ సంగతి దాచిపెట్టడం ఇష్టంలేక సంచాలకులకు చెప్పాను. ఆయన కలవరపడతారనుకున్నాను. “మూత తీయకుండానే ఇంతటి ఫలితమిచ్చినచో, తీసిన యెడల ఎంత ఇచ్చునో కదా,” అన్నారు. ఆ ప్రశ్న మీదే రెండో దశ మంజూరైంది.

ఇంతవరకూ బాగానే ఉంది. కానీ ఊరు ఊరుకుంటుందా? బోర్డు పాతిన చేనికి నీళ్ళొచ్చాయన్న కబురు పాకిపోయింది. రైతులు గుంపులుగా మా కార్యాలయానికి రావడం మొదలుపెట్టారు. ఎవరికీ టానిక్కు అక్కర్లేదు, విత్తనం అక్కర్లేదు, సలహా అసలే అక్కర్లేదు. బోర్డు కావాలి. చిన్న బోర్డిస్తామంటే పెద్ద అక్షరాలదే కావాలని కూర్చున్నారు. ఒకాయన గుంత కూడా తవ్వుకుని వచ్చానన్నాడు. కరువు పరిశోధన కోసం రైతులింత ఆసక్తి చూపడం నా జీవితంలో చూడలేదు.

మార్తాండరావుగారికి నిద్ర పట్టలేదు. వాడిన చేను ఎక్కడుంటే అక్కడ బోర్డు అడుగుతారు, బోర్డు ఎక్కడుంటే అక్కడ నీళ్ళు పెట్టాలి. ఈ లెక్కన జిల్లాకంతా నీళ్ళు పెట్టాల్సి వస్తుంది. విశ్వవిద్యాలయం జిల్లాకు నీళ్ళు పెట్టడమేమిటి, విడ్డూరం కాకపోతే. ఉన్నతస్థాయి కమిటీ వేశారు. కమిటీ కార్లలో తిరిగి, మూలకారణం కనిపెట్టింది. ఈ ప్రాంతంలో మొక్కలు వాడిపోయే స్వభావం కలిగి ఉన్నాయి, అందువల్ల ఇది కరువు పరిశోధనకు అనుకూలమైన ప్రదేశం కాదు అని తేల్చింది.

ఉత్తర్వులు వచ్చాయి. కరువు పరిశోధన కేంద్రాన్ని సిబ్బందితో, యంత్రాలతో, పైపులతో సహా కోస్తాలో కాలువ కిందున్న మా ఇంకో క్షేత్రానికి తరలించాలి. అక్కడ ఏ కాలంలో చూసినా మొక్కలు నిండుగా ఉంటాయి, షరతు భంగమయ్యే ప్రసక్తే లేదు. కరువు మీద ఇక నిశ్చింతగా పనిచేసుకోవచ్చు. ఇక్కడి బోరుకు తాళం వేయాలని, నీటిని భద్రపరచాలని చివర్లో ఒక వాక్యం.

తాళం వేయించాక సుంకులమ్మ చేనికి వెళ్ళాను. శెనక్కాయ చెట్లు పీకుతోంది. గుత్తులు గుత్తులుగా కాయలు, మట్టి దులిపి చిన్న కుప్పలుగా ఓదె వేస్తోంది. ఈ ఏటికి ఆమె గట్టెక్కింది. చెప్పాల్సింది వచ్చే ఏటి సంగతి. కేంద్రం పోతోందమ్మా, మేమూ పోతున్నాం, బోర్డు ఇక్కడే ఉంటుంది గాని ఒప్పందం మాతో వచ్చేస్తుంది, నీళ్ళు రావు అని చెప్పాను. చెబుతూ ఆమె కళ్ళలోకి చూడలేకపోయాను.

ఆమె చేతిలో చెట్టు అలాగే పట్టుకుని అడిగింది. “మీరు పొయ్యే కాడ నీళ్ళుండాయా సారూ?”

“కాలువ ఉందమ్మా. బాగానే ఉంటాయి.”

“ఎండాకాలం గూడానా?”

“ఎండాకాలం కూడా.”

ఆమె చెట్టును మోకాలికేసి కొట్టి మట్టి దులిపింది. పచ్చికాయలు ఒక దోసెడు తెంపి నా చేతుల్లో పోసింది.

“పోనీలే సారూ,” అంది. “మీకన్నా కరువు తీరె.”